తెల్లచీరతో గుణదల దాకా

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర ఎముకల డాక్టరొకాయన నా మోకాళ్ళ ఎక్స్‌రేని లైటు ముందు పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, చిన్నతనంలో సైకిలు బాగా తొక్కారా అని అడిగాడు. ముప్పై నాలుగేళ్ళు బడిపంతులుగా పనిచేశాననీ, సుద్దముక్కకంటే బరువైంది ఏదీ ఎత్తలేదనీ చెప్పాను. మోకాలు అబద్ధమాడదండీ అని నవ్వాడు. నా దగ్గర ఎక్కాలు చదువుకున్న పిల్లల ఈడువాడు, ఏమంటాం. రెండు రకాల మాత్రలూ ఒక పట్టీ రాసిచ్చి, మెట్లు ఎక్కొద్దు దిగొద్దు అన్నాడు. ఆయన కూర్చున్నది రెండో అంతస్తులో. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించుకుంటూ కిందికొచ్చేసరికి వాన పట్టుకుంది.

ఆటోలు ఆగలేదు. మందుల షాపు రేకు కింద నిలబడి, చెప్పుల మీదికి ఎక్కుతున్న నీళ్ళు చూస్తూ, ఈ రోడ్డునే కదా మేమొచ్చింది అనుకున్నాను. అప్పుడిక్కడ ఇన్ని షాపులూ లేవు, నెత్తిన ఫ్లైఓవరూ లేదు. నేను జీవితంలో దూరప్రయాణం సైకిలు మీద చేసింది ఒకే ఒక్కసారి, పోనూ రానూ. అది చాలదా డాక్టరుగారూ అని పైకి వెళ్ళి చెబుదామనిపించింది. మళ్ళీ మెట్లెక్కాలి కదా, ఊరుకున్నాను. ఆయనకి చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

మాది బందరు పక్కన పెడన. నేతపని ఇల్లు. మాకు గంజి వాసనతో తెల్లవారేది. నాయనమ్మ చీకటితోనే లేచి, పెద్ద డేగిశాలో నూకల గంజి కాచి, అందులో గరిటెడు కొబ్బరినూనె పోసేది. ఆ గంజి మేము తాగడానికి కాదు, నూలు తాగడానికి. వెలుతురు వచ్చీ రాగానే పడుగుని, అంటే చీరకి నిలువుగా ఉండే దారాలన్నిటినీ, వీధి పొడుగునా సాగదీసి కట్టి, మగవాళ్ళు చెరోపక్కా నడుస్తూ కుంచెలతో గంజి పట్టించేవాళ్ళు. బడికి పోయే పిల్లలం ఆ దారాల కింద వంగి వెళ్ళేవాళ్ళం. పొరపాటున నెత్తి తగిలితే వీధి వీధంతా తిట్టేది. గంజి పెట్టిన పడుగు ఎండలో ఆరాలి. ఆరకపోతే దారం దారానికి అంటుకుని, అంత పనీ బూడిదలో పోసిన పన్నీరే.

అందుకని మా వీధికి వానంటే గిట్టేది కాదు. చుట్టూ ఉన్న రైతులు వాన కోసం మొక్కుతుంటే మేము ఎండ కోసం మొక్కేవాళ్ళం. రైతూ నేతగాడూ దేవుడికి ఇద్దరు పెళ్ళాల్లాంటివాళ్ళు, ఒకళ్ళని నవ్విస్తే రెండోవాళ్ళు ఏడుస్తారు అనేది నాయనమ్మ. ముసురు పట్టిందంటే మగ్గం గుంటలో నీరు ఊరేది. మగ్గం దగ్గర నేలలో గుంట తవ్వి ఉంటుంది, నేసేవాడు అందులోకి కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటాడు. మాది నల్లరేగడి నేల, నాలుగు చినుకులకే అడుగున చెమ్మ. తడి పుల్లల పొగ, ఇంట్లోనే తాడు కట్టి ఆరేసిన బట్టల ముక్కవాసన, రాట్నాల దగ్గర కూర్చుని కండెలకి నూలు చుడుతూ అమ్మా పెద్దమ్మా ఒకళ్ళ మీద ఒకళ్ళు విసుక్కోవడం, ఇదీ మా వానాకాలం. వానని చూసి ముచ్చటపడేవాళ్ళని చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నాన్న నా పసితనంలోనే పోయాడు. నన్ను పెంచింది పెదనాన్న కోటయ్య. ఆయనకి పిల్లల్లేరు. మాట తక్కువ, పట్టు ఎక్కువ. రంగుచీర నేసేటప్పుడు నోట్లో చుట్ట వెలుగుతూనే ఉండేది. మగ్గం మీదికి తెల్లపడుగు ఎక్కిందంటే మాత్రం చుట్ట గూట్లోకి వెళ్ళిపోయేది, ఆ చీర దిగేదాకా ముట్టేవాడు కాదు. కుంకుడు రసంతో చేతులు కడుక్కుని, అవి ఆరేదాకా గాలిలో పైకెత్తి పట్టుకు కూర్చునేవాడు. తువ్వాలుతో తుడుచుకోవచ్చు కదా అంటే, ఆ తువ్వాలు ఎవరెవరి మొహాలు తుడిచిందో మనకేం తెలుసురా అనేవాడు. నేసిన గుడ్డని ఆయన కంటితో చూసేది తక్కువ. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపేవాడు. ఎక్కడ దారం పల్చబడిందో, ఎక్కడ గంజి ఎక్కువైందో వేళ్ళే చెప్పేవి.

ఆ ప్రయాణానికి రెండేళ్ళ ముందు ఆయనకి టైఫాయిడ్ వచ్చింది. బెజవాడ తీసుకొచ్చి గుణదలలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. అక్కడ ఆయాగా పనిచేసే మార్తమ్మగారు ఆయన్ని బతికించింది. మందులు డాక్టర్లు ఇచ్చారు, కాదనను. కానీ ఒళ్ళు తుడిచింది, గంజి తాగించింది, జ్వరం మైకంలో మగ్గం మీద ఉన్నట్టు కాళ్ళాడిస్తుంటే ఆ కాళ్ళు పట్టుకుని కూర్చుంది ఆమె. తోబుట్టువు కూడా ఇంత చెయ్యదు అనేవాడు పెదనాన్న. ఇంటికి వచ్చేసే రోజున ఏమిచ్చినా పుచ్చుకోలేదు. అప్పుడాయన మాటిచ్చాడు.

"మీ అమ్మాయి పెళ్ళికి కట్టుకునే తెల్లచీర నా చేత్తో నేసి, నేనే తెచ్చిస్తానమ్మా. ఇంకెక్కడా కొనబాకండి."

ఆమె నిజంగానే కొనలేదు. పెళ్ళి కుదిరిందని కార్డు రాసింది, చీర సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు. గుర్తుచెయ్యడం మర్యాద కాదనుకుని ఉంటుంది. ఆ ఒక్క ముక్కా రాయకపోవడం పెదనాన్నకి మరింత బరువైంది. వెంట్రుకలా ఉండే నూరో నంబరు నూలు తెప్పించాడు. అంచుకి సన్నటి వెండి జరీ, ఒంటినిండా తెలుపులో తెలుపుగా చిన్న చిన్న పువ్వులు. దగ్గరికొచ్చి చూస్తే తప్ప పువ్వులున్నట్టే తెలియదు. సగం నేశాడో లేదో, వాయుగుండం పట్టింది.

ఇక ఎండ లేదు. గుంటలో నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి. నేను చెంబుతో తోడిపోస్తుంటే, ఆయన నీళ్ళలోనే కాళ్ళు పెట్టుకుని నేశాడు. గుంటలోంచి లేచేసరికి పాదాలు నాని తెల్లగా పాలిపోయి ఉండేవి. పెళ్ళి ఎల్లుండి పొద్దున అనగా చీర మగ్గం దిగింది. ఆ సాయంత్రం స్టేషనుకి వెళ్తే రైలుకట్ట నానింది, రైళ్ళు లేవన్నారు. బస్సులూ లేవు, నిడుమోలు దాటాక రోడ్డు మీదనుంచి నీళ్ళు పారుతున్నాయట. సైకిలైతే భుజాన వేసుకుని దాటొచ్చని ఎవరో అన్నారు. పెదనాన్న ఆ మాట పట్టుకున్నాడు. కాలేజీకి సెలవులిచ్చారు కనక నేను ఇంట్లోనే ఉన్నాను. చీర ఒకళ్ళూ సైకిళ్ళు ఒకళ్ళూ చూసుకోవాలి, నువ్వూ రా అన్నాడు. పద్దెనిమిదేళ్ళవాణ్ణి, ఎగిరి గంతేశాను. ఎగిరి గంతేసే పనులన్నీ చివరికి ఎక్కడికి తీసుకెళ్తాయో అప్పటికింకా తెలియదు.

బయలుదేరేముందు జరిగింది చెప్పాలి. పెదనాన్న చీరని మడతపెట్టి, ఉతికిన పంచెలో చుట్టి, యూరియా బస్తా లోపల వచ్చే మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, టైర్లలో గాలి చూడటానికి వీధిలోకి వెళ్ళాడు. సంచి మూతి నా చేతిలో ఉంది. నాయనమ్మ పసుపు గిన్నెతో వచ్చింది. మా ఇళ్ళల్లో కొత్తబట్ట మూలన పసుపు అంటించకుండా ఎవరి చేతికీ ఇవ్వం, అందులోనూ పెళ్ళిబట్ట. పెదనాన్న అంతకు ముందురోజే ఆవిడకి చెప్పాడు, వాళ్ళ ఆచారం వేరమ్మా, పెళ్ళికూతురు మచ్చలేని తెలుపులో గుడిలోకి నడవాలి, పసుపు పెట్టొద్దు అని. నాయనమ్మ ఊఁ అంది. ఆ ఊఁ విన్నానని, ఒప్పుకున్నానని కాదు. సంచిలో చెయ్యిపెట్టి, మడత మూల ఒకటి పైకి లాగి, తడివేలితో పెసరగింజంత పసుపు అద్ది, మళ్ళీ లోపలికి దోపేసింది.

"లోపలి చెంగుకే పెట్టాలే, నడుములోకి పోద్ది, ఎవరికీ కనపడదు. ఈ గాలివానలో పెళ్ళిచీరని ఊరికే ఎట్టా పంపుతాం? మీ పెదనాన్నకి చెప్పమాక."

నేను చెప్పలేదు. ఆరిపోతే అదేం చేస్తుంది, తడిస్తేనే కదా అనుకున్నాను. తడవకుండా చూడటమే కదా మా పని అనుకున్నాను.

పెదనాన్న ఆ సంచిని పొట్టకి ఆనించి పంచెతో బిగించి కట్టుకున్నాడు. పైన చొక్కా, దానిపైన గోనె. నేనూ ఒక గోనెసంచి మూల లోపలికి దోపి నెత్తిన వేసుకున్నాను. అది తడిసి బరువెక్కి, గూడూరు దగ్గర బందరు రోడ్డెక్కేలోపలే మెడ పట్టేసింది. గాలి ఈశాన్యం నుంచి. దారంతా కుడిచెంప మీదే కొట్టింది. మధ్యాహ్నానికి ఆ పక్క చెవిలో హోరు తప్ప ఏమీ వినపడలేదు. చినుకులు సూదుల్లా గుచ్చుకుంటుంటే కళ్ళు మూసుకుని, నాలుగు తొక్కుళ్ళకొకసారి తెరిచి, ముందు చక్రం ఇంకా రోడ్డు మీదే ఉందా అని చూసుకునేవాణ్ణి. బ్రేకులు తడిసి పట్టడం మానేశాయి. రోడ్డు కోసుకుపోయినచోట అంచున రేగడిలోకి దిగితే, ఆ మట్టి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య బిగుసుకుని సైకిలు కదిలేది కాదు. దిగి పుల్లతో గీకడం, ఎక్కడం, మళ్ళీ దిగడం. రోడ్డుకి రెండుపక్కలా వరి పడిపోయి నీళ్ళలో ఉంది. గట్ల మీద రైతులు నిలబడి ఊరికే చూస్తున్నారు. ఒకాయన మమ్మల్ని చూసి, ఇంత వానలో ఎవరికేమైందండీ అని అడిగాడు. చావుకబురు తీసుకెళ్తున్నాం అనుకున్నాడు పాపం. పెళ్ళిచీర అని పెదనాన్న చెబితే ఆయన మొహంలో ఏ మార్పూ రాలేదు.

నిడుమోలు దాటాక చెప్పినట్టే రోడ్డు మీద నీళ్ళు, తొడల దాకా. చెట్టుకీ చెట్టుకీ మోకు కట్టారు. పెదనాన్న సంచి విప్పి నెత్తిన పెట్టుకుని, ఒక చేత్తో దాన్నీ ఇంకో చేత్తో మోకునీ పట్టుకుని దాటాడు. నేను రెండు సైకిళ్ళూ ఒకటి తరవాత ఒకటి భుజాన వేసుకుని దాటించాను. అవతలి గట్టు ఎక్కాక ఆయన ఒక గొడ్లపాక చూరు కింద కూర్చుని, చీర చూడాలన్నాడు. చేతులు తడి. తుడుచుకోవడానికి ఒంటిమీద పొడిబట్ట లేదు. పాక పక్కనే గడ్డివామి ఉంది. పైపై తడిసిన గడ్డి లాగి పారేసి, లోపలి పొడిగడ్డిలోకి రెండు చేతులూ మోచేతుల దాకా దూర్చి, కళ్ళు మూసుకుని చాలాసేపు ఉన్నాడు. చేతులు ఆరాక సంచి మూతి విప్పి, రెండు వేళ్ళు లోపలికి పెట్టి మడత నలిపి చూశాడు. పొడిగానే ఉందిరా అన్నాడు.

ఆయన చేసిన తప్పు అదే. గంజి పెట్టిన గుడ్డ గాలిలో తడిని లాగేస్తుందని, ముసురులో కొత్తచీర మూట విప్పకూడదని నాకు నేర్పిందే ఆయన. తెలిసీ విప్పాడు. పామర్రులో టీకొట్టు దగ్గర మళ్ళీ విప్పాడు. ఉయ్యూరులో, చెరకు పిప్పి పులిసిన వాసన ఊరంతా కమ్ముకుని ఉంటే, ఒక కొట్టు అరుగు మీద మూడోసారి. ఇంకెవరైనా అయితే కట్టిన మూట కట్టినట్టే తీసుకెళ్ళి ఇచ్చేవారు. నేతగాడికి మాత్రం వేళ్ళతో ముట్టుకోనిదే నమ్మకం కుదరదు. విప్పిన ప్రతిసారీ ఆ చెమ్మగాలి లోపలికి పోతూనే ఉంది, ప్రతిసారీ నాకు నాయనమ్మ వేలు గుర్తొస్తూనే ఉంది. చెప్పేస్తే ఆ మూల బయటికి తీసి విడిగా చుట్టవచ్చు. ఉయ్యూరులో నోరు తెరిచాను కూడా. కానీ అప్పటికి ఎంత అలిసిపోయానంటే, చెబితే ఆయన తిట్టడం, నేను జవాబు చెప్పడం, అదంతా ఇంకో పదిమైళ్ళు తొక్కడంలా కనపడింది. చద్దన్నం మూటలో నీళ్ళు చేరి ఆవకాయ ఎర్రగా పారింది. అదే తిన్నాం.

కంకిపాడు వచ్చేసరికి నా పిక్కలు పట్టేసి, తొక్కడం కంటే తోసుకుంటూ నడవడమే ఎక్కువైంది. అక్కడ నాలుగోసారి విప్పాడు. ఈసారి ఆయన వేళ్ళు ఆగిపోయాయి.

"మెత్తబడినట్టుందేంట్రా?"

"చలికి నీ వేళ్ళు మొద్దుబారాయి పెదనాన్నా. అంతే."

నేనన్న మాటే అది, ఒక్క అక్షరం మార్చలేదు. ఆయన నా మాట నమ్మాడు. నలభై ఏళ్ళుగా తన వేళ్ళని నమ్మినవాడు, ఆ పూట నా మాట నమ్మి సంచి మూతి బిగించాడు. పోరంకి దగ్గర సైకిలు జారి నేను పడ్డాను. మోకాలు కంకర మీద గీరుకుపోయింది. దేవుడు అంత తొందరగా లెక్క సరిచేస్తాడని అనుకోను గానీ, ఆ క్షణంలో మాత్రం అలాగే అనిపించింది.

మునిమాపు వేళకి గుణదల చేరాం. ఇంటిముందు వేసిన పందిరి నీళ్ళు కారుతోంది. మార్తమ్మగారు మమ్మల్ని చూసి ముందు గుర్తుపట్టలేదు, తరవాత గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. ఈ వానలో మీరెందుకొచ్చారు అన్నయ్యగారండీ అని పెదనాన్న చేతులు పట్టుకుంది. వేడినీళ్ళు, పొడిబట్టలు, అల్లం టీ. ఆ ఇల్లంతా పెళ్ళి వంటల వాసన. పెళ్ళికూతురు థెరిసా సన్నగా, తల్లిలాగే నెమ్మదిగా ఉండే పిల్ల. పెదనాన్న మళ్ళీ చేతులు కడుక్కుని, ఆరేదాకా పైకెత్తి పట్టుకుని, అందరి మధ్యా మంచం మీద చీర విప్పాడు.

మడత మడతకీ అంచు పక్కన పసుపు మచ్చ ఉంది. పెసరగింజంత పెట్టింది, చెమ్మతో పాకి తమలపాకంత అయింది. పై మడత నుంచి కింది మడతకి, దాన్నుంచి ఇంకోదానికి, చీర పొడుగునా ఆకు తరవాత ఆకు. పెళ్ళికూతురి మేనత్త ఒకావిడ గబగబా చీర అంచు లాక్కుని సబ్బు రుద్దింది. వద్దమ్మా అని పెదనాన్న అనేలోపే మచ్చ ఎర్రగా అయిపోయింది. పసుపుకి సబ్బు తగిలితే అంతేనని మాకు తెలుసు, వాళ్ళకి తెలియదు. నెత్తురులా ఉందని ఎవరో పిల్ల అంది, తల్లి దాని నోరు మూసింది.

పెదనాన్న చీర వంక చూశాడు. పసుపు ఎవరు పెట్టి ఉంటారో ఆయనకి అర్థమైందని నాకు తెలుసు. మా ఇంట్లో ఆయన మాట కాదని పెట్టేవాళ్ళు ఇంకెవరున్నారు.

"అది పసుపమ్మా. మా ఇళ్ళల్లో అలవాటు. చెయ్యి ఊరుకోక నేనే పెట్టాను. తప్పయిపోయింది."

నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. నాయనమ్మ పెట్టింది, నేను చూశాను అని చెప్పడానికి నాలుగు మాటలు చాలు. ఆ నాలుగు మాటలూ రాలేదు. మోకాలి మీద నెత్తురు తుడుచుకుంటున్నట్టు వంగాను.

మార్తమ్మగారు ఆసుపత్రిలో ఎన్ని మరకలు వదిలించిందో, నిమ్మకాయ కోసి రుద్దింది. ఎరుపు పోయి మళ్ళీ పసుపు మిగిలింది. ఉతికి వసారాలో ఆరేశారు. పెళ్ళి ఎన్నింటికమ్మా అని పెదనాన్న అడిగాడు. తొమ్మిదింటికండీ అంది. రెండు గంటలు ఎండ తగిలితే చాలమ్మా, పసుపు ఎండకి నిలవదు అన్నాడు. అందరూ బయటికి చూశారు. నాలుగు రోజులుగా ఎండ మొహం చూసినవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

తెల్లవారేసరికి వాన ఆగింది. మబ్బు మాత్రం కదల్లేదు. ఎనిమిదింటికి చీర ఇంకా తడి, మచ్చలు మచ్చలుగానే ఉన్నాయి. థెరిసా తన అక్క పెళ్ళినాటి చీర కట్టుకుంది. నైలాన్ చీర, నిగనిగలాడుతోంది, కొంచెం పొట్టి. గుమ్మం దాటబోతూ వెనక్కి వచ్చి, ఏమీ అనుకోకండి పెదనాన్నగారూ అని ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టింది. మార్తమ్మగారు గుడికి రమ్మంటే, మీరు నడవండమ్మా అన్నాడాయన. అందరూ వెళ్ళిపోయారు. గుడిగంట మొదలైంది. అప్పుడు ఏలూరు కాలువ వైపు నుంచి ఎండ వచ్చింది.

పెదనాన్న ఒక్క క్షణం దాన్ని శత్రువుని చూసినట్టు చూశాడు. తరవాత చీర తీసుకుని, ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని, సందు పొడుగునా వెనక్కి నడిచాడు. పొద్దున్నే మా వీధిలో పడుగు సాగదీసినట్టు, గుణదలలో ఆ సందులో చెరోచివరా పట్టుకుని ఎండకి పెట్టాం. ఎండ ఎటు తిరిగితే అటు తిరిగాం. గుడిలోంచి పాటలు వినిపిస్తూనే ఉన్నాయి, ఒకటి అయ్యాక ఒకటి. చేతులు లాగేస్తున్నాయి, దించుదామా అని నేను అడగలేదు, ఆయన అనలేదు. మచ్చలు అంచుల నుంచి పలచబడటం మొదలైంది. ముందు నిమ్మపండు రంగు, తరవాత పాలమీగడ రంగు, తరవాత ఉందా లేదా అన్నంత. బ్యాండు మేళంతో వాళ్ళు తిరిగొచ్చేసరికి ఆ చీర మీద వెతికినా మచ్చ లేదు. ఏ చీర మీదా అంత తెలుపు నేను మళ్ళీ చూడలేదు.

పెదనాన్న దాన్ని మడతపెట్టి రెండు చేతులతో ఇచ్చాడు. థెరిసా కళ్ళకద్దుకుంది. సాయంత్రం విందుకి కట్టిస్తానండీ అంది మార్తమ్మగారు, మనసుతోనే అంది. మీ ఇష్టం తల్లీ అన్నాడు. గుడిలోకి నడిచేటప్పుడు కట్టుకోవాల్సిన చీర, విందులో కట్టుకుంటే ఏమిటి తేడా అని ఇప్పటివాళ్ళు అనొచ్చు. ఆయనకి తేడా ఉంది. భోజనం చేసి, సాయంత్రం దాకా ఉండకుండా బయలుదేరాం.

ఇప్పుడు నా మనవరాలు ఫోనులో వాన ఎన్ని గంటలకు పడుతుందో, ఎప్పుడు ఆగుతుందో చూసి చెబుతుంది. గవర్నర్‌పేటలో సాయంత్రం చెప్పిన చీర మర్నాడు ఇంకో ఊళ్ళో గుమ్మంలో ఉంటుంది, తెచ్చినవాడి మొహం కూడా చూడం. మంచిదే, ఎవరి మోకాళ్ళూ అరగక్కర్లేదు. ఆ రోజులు గొప్పవని నేనెప్పుడూ అనను. తడి, ఆకలి, గుంటలో నీళ్ళు, ఇందులో గొప్పేముంది. కానీ ఒక మాట ఇచ్చినందుకు మనిషి అంతగా అలిసిపోవడం ఈ మధ్య నాకు కనపడలేదు. ఒళ్ళు అలిసిన అలుపు ఒక నిద్రతో పోయింది. ఆ తలుపు పక్కన వంగినప్పటి అలుపు ఇంకా నాలోనే ఉంది, దానికి ఏ డాక్టరు దగ్గరా ఎక్స్‌రే లేదు.

కంకిపాడు దాటాక చెప్పాను. ఎండకి రోడ్డు ఆవిర్లు కక్కుతోంది, కాలువలో నీళ్ళు ఎర్రగా నిండుగా పోతున్నాయి. నాయనమ్మ పెడుతుంటే నేను చూశాననీ, సంచి మూతి పట్టుకున్నది నేనేననీ, చీర మెత్తబడిందని నువ్వంటే నాకు తెలిసే కాదన్నాననీ చెప్పాను. ఆయన తొక్కుతూనే ఉన్నాడు. రెండు మైలురాళ్ళు దాటిపోయాయి. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మీ నాయనమ్మకి మాత్రం తెలియనివ్వమాక" అన్నాడు చివరికి. "పెద్దది, తట్టుకోలేదు."

రాత్రి పామర్రులో ఒక కొట్టు అరుగు మీద పడుకుని, మర్నాడు పొద్దెక్కాక ఇల్లు చేరాం. మా వీధిలో మళ్ళీ పడుగులు సాగదీశారు. నాయనమ్మ చేతిపని వదిలేసి గుమ్మంలోకి వచ్చింది. మా వాలకం చూసి ముందు నీళ్ళు తెమ్మని లోపలికి కేకేసి, ఆ నీళ్ళు రాకముందే అడిగింది, పెళ్ళికూతురు చీర కట్టుకుందా అని. కట్టుకుందమ్మా అన్నాడు పెదనాన్న. ఎట్టా ఉంది అంది. తెల్లగా మెరిసిపోయింది నాయనమ్మా అన్నాను నేను. తడవలేదు గదా అంది. లేదన్నాడాయన.

నాయనమ్మ మొహం విప్పారింది. పెదనాన్న ముందు ఇక దాచాల్సిన పనిలేదనుకుంది.

"అంత గాలివానలో చుక్క నీరు తగల్లేదంటే ఊరికే తగల్లేదా నాయనా? నువ్వొద్దన్నా నేను పసుపు పెట్టి పంపాను."

పెదనాన్న సైకిలు గోడకి ఆనించాడు. "అవునమ్మా, నీ పసుపే కాపాడింది" అని, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.